ఎక్కడ తిన్నావ్, ఎవరితో తిన్నావ్

కుట్టు షాపు, వెనక గది
సోమవారం

బొంగరానికి,

మొన్న నువ్వు ఫోన్లో అరిచిన అరుపులు షాపులో అందరికీ వినబడ్డాయి, నాకు తప్ప. గుండీలు కొనడానికొచ్చిన పంతులమ్మ ఫోను అందుకుని, నువ్వు చెప్పింది చీటీ మీద రాసి నా ముందు పెట్టింది: "గది దొరికింది. మూడో అంతస్తు. హాస్టల్లో వంట లేదు, బయటే తినాలి. బాగానే ఉన్నాను." చంకనేసుకుని పెంచిన మేనకోడలి క్షేమం పరాయి దస్తూరీలో చదువుకున్నాను.

ఎడమ చెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. కుడిది ఇప్పుడు మొరాయిస్తోంది. కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుందని డాక్టరన్నాడు. అందాకా ఫోను మానేసి ఉత్తరాలు రాసుకుందాం. మీ నాన్నలా మాత్రం రాయకు. ఓడ మీద నుంచి ఏడాదికి రెండు బొమ్మల కార్డులు పంపుతాడు, రెండింటి మీదా "ఇక్కడ ఎండగా ఉంది" అనే.

ఆకులకొచ్చే రోగాల చదువు నాకెలాగూ అర్థం కాదు, అది నువ్వు చూసుకో. నాకు కావలసింది ఇంతే: ఎక్కడ తిన్నావ్, ఎవరితో తిన్నావ్. యూనివర్సిటీ చుట్టూ పిల్లలు తినే మంచి చోట్లు ఉండకపోవు, కనుక్కో. నీ సంగతి నాకు తెలియదా? ఎదురుగా మనిషి లేకపోతే కంచం ముందు పుస్తకం తెరిచి అన్నం చల్లార్చేస్తావు.

మీ అత్త


హాస్టలు, మూడో అంతస్తు
ఆదివారం

అత్తా,

నువ్వు అడిగినట్టే తిండి గురించే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మొదటిది యూనివర్సిటీ పెద్ద క్యాంటీను. ఒకేసారి నాలుగొందల మంది తింటారు. స్టీలు చెంచాల చప్పుడుకి నీ కుడిచెవి కూడా లేచి కూర్చుంటుంది. పన్నెండు కొట్టకముందే వెళ్ళాలి. ముందు వెళ్ళినవాళ్ళకి చిక్కుడుగింజల సూపులో గింజలొస్తాయి, తర్వాత వెళ్ళినవాళ్ళకి చిక్కుడుగింజల జ్ఞాపకం వస్తుంది.

రెండోది జిరాక్సు షాపుల వెనక మెట్లకింద హోటలు. దానికి పేరు లేదు, బోర్డు లేదు. ఆరు మెట్లు దిగితే ఏడు బల్లలు. అన్నం, సూపు, అంతే. "గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా?" అని ఒకావిడ గరిటె పట్టుకుని అడుగుతుంది. మూడో మాట ఆవిడ నోట నేను వినలేదు. పరీక్షలు తప్పినవాళ్ళు, పాసైనవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు, అందరూ అక్కడే. ఈ చుట్టుపక్కల అంత వేడి తిండి ఇంకెక్కడా లేదు.

మూడోది బేకరీ సందు. సాయంత్రం నాలుగుకి నిన్నటి రొట్టెలు వెన్న రాసి పెనం మీద కాల్చి ఇస్తారు. నిలబడే తినాలి.

ఎవరితో అంటావా? మా ల్యాబులో ఒకమ్మాయి ఉంది. మనిషి ఎంత పొడుగంటే, మెట్లకింద హోటల్లోకి తల వంచుకుని దిగుతుంది. నేను పొడుగమ్మాయి అని పిలుస్తాను. ఆ పిల్లా నేనూ కలిసే తింటున్నాం. కాబట్టి నువ్వు బెంగ పెట్టుకోకు. నీకు తోడెవరు?

నీ బొంగరం


కుట్టు షాపు, వెనక గది
గురువారం

బొంగరమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మన షాపులో గుండీలకి కాజాలు కుట్టే ఆవిడకి చదివి వినిపించాను. "పొడుగమ్మాయి దొరికిందా, అయితే పైఅరలో డబ్బాలు అందించే మనిషి దొరికినట్టే" అని నవ్వింది. మధ్యాహ్నం ఆవిడా నేనూ ఎప్పట్లాగే ఎదురూబొదురూ కూర్చుని తింటున్నాం. నా సంగతి నీకెందుకు?

బడులు తెరిచారు. యూనిఫారాల హడావుడి. గుమ్మం దగ్గర తల్లులు, లోపల పిల్లలు, నా మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఊపిరాడటం లేదనుకో.

ఆ పిల్ల సంగతి ఇంకా రాయి. ఏం తింటుంది? తింటూ ఏం మాట్లాడుకుంటారు? నిన్ను నవ్విస్తుందా?

అత్త


హాస్టలు
శనివారం

అత్తా,

పొడుగమ్మాయి గుడ్డుతోనే తీసుకుంటుంది. తినే ముందు పచ్చసొన చెంచాతో చిదిమి సూపంతా కలిపేస్తుంది. ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెం అంచున వరసగా పేరుస్తుంది. పడదనుకుంటాను. నవ్వితే తల వెనక్కి వాలుస్తుంది, అప్పుడు వెనక గోడకి తగులుతుంది. తగిలినందుకు మళ్ళీ నవ్వుతుంది.

ఏవేవో మాట్లాడుకుంటాం. ప్రొఫెసరు గారి దగ్గు గురించి. ఆకు నిలువు కోత కోసేటప్పుడు బ్లేడు ఎలా పట్టుకోవాలో. ఈ వారం కొత్త చోటు కనిపెట్టాం. రైలు వంతెన కింద చేపల వేపుడు బండి. పైన రైలు వెళ్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు, నోట్లో ముద్ద పెట్టుకుని ఊరుకుంటారు. రైలు పోగానే అందరూ ఆపిన చోట నుంచి మొదలుపెడతారు. నీకు చాలా నచ్చుతుంది.

ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. పొడుగమ్మాయికి సరైన కోటు లేదు. ఉన్నదాని చేతులు మణికట్టు దాకా రానే రావు, రెడీమేడువి ఆ పిల్లకి అందవు.

నీ బొంగరం


కుట్టు షాపు
సోమవారం

ఒసేయ్ బొంగరం,

చలికి మణికట్లు బయటపెట్టుకుని తిరుగుతోందా? మరి నేనున్నది దేనికి? పోయినేడు కోర్టు గుమాస్తా కోటుకి తెప్పించిన మట్టిరంగు ఉన్నిగుడ్డ మిగిలింది. మంచి బట్ట. ఆ పిల్ల కొలతలు పంపు. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, పొడవు. టేపు లేకపోతే దారంతో కొలిచి స్కేలు మీద పెట్టు. గట్టిగా లాగకు. ఊపిరి వదిలాక కొలువు.

నా బొంగరానికి ఎదురుగా కూర్చుని తినే పిల్లకి నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

అత్త


హాస్టలు
బుధవారం

అత్తా,

కోటు ఎందుకు ఇప్పుడు, నీకసలే పని ఎక్కువ. వద్దంటే వినవు కనక పంపుతున్నాను.

భుజం 15. ఛాతీ 34. నడుము 30. చెయ్యి 23. పొడవు 40.

పరీక్షలు దగ్గరపడ్డాయి. తర్వాత రాస్తాను.

నీ బొంగరం


కుట్టు షాపు
శుక్రవారం

బొంగరానికి,

పార్సిలు విడిగా పంపాను. కాలరుకి రెండు వరసల కుట్టు వేశాను, గాలి దూరదు. లోపల బట్ట బాగా వదిలాను, వదులు చెయ్యాలన్నా బిగించాలన్నా కుట్టు విప్పితే చాలు.

వేసుకుని చూసి ఎలా ఉందో ఆ అమ్మాయినే రెండు ముక్కలు రాయమను. ఆ పిల్ల దస్తూరీ చూస్తాను.

అత్త


హాస్టలు
శనివారం

అత్తా,

మూడు వారాలైంది నీ పార్సిలు వచ్చి. కోటు నా కుర్చీ వీపు మీద వేలాడుతోంది. చదువుకుంటూ తలెత్తితే ఎవరో నా వైపు వీపు పెట్టి కూర్చున్నట్టుంటుంది.

ఎడంచేత్తో రెండు ముక్కలు రాసి, పొడుగమ్మాయి రాసిందని పంపుదామనుకున్నాను. "కోటు చాలా బాగుంది అత్తయ్యగారూ" అని రాశాను కూడా. అది చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. చింపేశాను.

పొడుగమ్మాయి ఉంది. నేను రాసినట్టే పచ్చసొన చిదుముతుంది, ఉల్లిపాయలు ఏరుతుంది, తల గోడకి కొట్టుకుంటుంది. కానీ నా ఎదురుగా కూర్చుని కాదు అత్తా. తన స్నేహితులతో, అవతలి బల్ల దగ్గర. నేను మూల బల్ల దగ్గర కూర్చుని చూసేదాన్ని. చూసిందంతా నీకు రాసేదాన్ని. ఆ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నట్టే ఉండేది.

ఈ నాలుగు నెలల్లో ఆ పిల్ల నాతో ఒక్కసారి మాట్లాడింది. నా బల్ల దగ్గరికొచ్చి, ఎదురు కుర్చీ మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. "లేరు" అన్నాను. "థాంక్స్" అని కుర్చీ తీసుకెళ్ళి తన స్నేహితురాలికి వేసింది. మా సంభాషణ మొత్తం అదే.

ఆ రోజు అన్నం సగంలో వదిలేసి వచ్చేశాను. తర్వాత అక్కడికి వెళ్ళలేదు. గదిలోనే రొట్టె తింటున్నాను. చేపల బండి దగ్గరకి ఒక్కసారే వెళ్ళాను, ఒక్కదాన్నే. రైలు పోయాక అందరూ ఆపిన చోట నుంచి మాట మొదలుపెట్టారు. నాకు మొదలుపెట్టడానికి ఏమీ లేదు. ల్యాబులో పక్క బెంచి వాడు స్లయిడ్లు ఇమ్మని చెయ్యి చాపుతాడు, పేరు కూడా అడగడు. ఒక్కోరోజు సాయంత్రానికి గుర్తొస్తుంది, పొద్దుట నుంచీ నేను నోరు తెరిచి ఒక్క మాటైనా అనలేదని.

వచ్చేస్తాను అత్తా. రెండో మెషిను ఖాళీగానే ఉంది కదా. నీ పక్కన కూర్చుని యూనిఫారాలు కుట్టుకుంటాను. నీ దగ్గరైతే కనీసం మనుషులుంటారు.

కోపం వస్తే తిట్టు. కానీ జవాబు రాయి.

బొంగరం


కుట్టు షాపు, వెనక గది
మంగళవారం

తల్లీ,

తిట్టను. నాకు ముందే తెలుసు.

పదేళ్ళు నా పక్కన పీట మీద కూర్చుని, నేను చెబుతుంటే కొలతలు రాసుకున్న పిల్లవి. భుజం పదిహేను, ఛాతీ ముప్ఫైనాలుగు, నడుము ముప్ఫై! నా సర్వీసులో అన్నీ నిండు అంకెలొచ్చిన మనిషి ఈ షాపు మెట్లెక్కలేదే. ఎక్కడో ఒక అర, ఒక పావు ఉంటుంది. దేవుడు ఎవర్నీ స్కేలు పెట్టి గీయలేదు. నీ చీటీ చూడగానే, ఈ ఒంటిని టేపు తాకలేదని తెలిసింది. అయినా ఎందుకు కుట్టానంటే, నువ్వు ఆ పిల్లని తలుచుకుని అంకెలు వేసుకుంటూ కూర్చున్నావని కూడా ఆ చీటీలోనే తెలిసింది. కుట్టకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు నా వంతు. నువ్వు నిజం రాశావు కనక నేనూ రాయాలి.

కుడిచెవి సర్దుకోదు. డాక్టరు సర్దుకుంటుందని అనలేదు. కాగితం మీద "ఇక రాదు" అని రాసిచ్చాడు. నువ్వు బస్సెక్కిన వారానికే. చదువు ఆపి వెనక్కొస్తావని చెప్పలేదు.

యూనిఫారాల హడావుడి అంతా ఉత్తుత్తిదే. మొదట్లో నాలుగైదు కుట్టిన మాట నిజమే, హడావుడి మాత్రం లేదు. ఒకావిడ పెళ్ళికి వేసుకునే గౌను పొడుగు చేతులతో కుట్టమంది. నాకు పొట్టి చేతులని వినబడింది. కత్తెర వేసేశాను. గౌను అందుకుని ఆవిడ ఏమందో నాకు వినబడలేదు కానీ, పెదవులు చూస్తే చాలు. ఆ సంగతి వీధంతా పాకింది. అడగడానికి మొహమాటపడి కొందరు, గట్టిగా అరవడానికి సిగ్గుపడి కొందరు, మెల్లగా రావడం మానేశారు. ఇప్పుడు ముందు తలుపు వేసే ఉంచుతున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు కాలర్లు పంపుతారు, కుట్టి పంపుతాను. కాలర్లకి మాటలక్కర్లేదు.

కాజాల ఆవిడ నువ్వెళ్ళిన పది రోజులకే కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పైఅర జోకు నేను కట్టిందే. మధ్యాహ్నం నేను ఎక్కడ తింటున్నానో తెలుసా? ట్రయల్ గదిలో, నిలువుటద్దం ముందు. ఎదురుగా ఒక ముసల్ది కూర్చుని తింటుంది. నేను ముద్ద పెట్టుకుంటే అదీ పెట్టుకుంటుంది. మొదట్లో నవ్వొచ్చేది.

రావాలనుంటే రా. తలుపు తీసే ఉంది నీకు. కానీ ఇక్కడ మనుషులుంటారనుకుని మాత్రం రాకు. ఉన్నది నేనొక్కదాన్నే, అదీ వినబడని మనిషిని. ఇద్దరం రెండు మెషిన్ల దగ్గర కూర్చుని కాలర్లు కుట్టుకుంటాం, నువ్వు మాట్లాడతావు, నాకు వినబడదు. అది నీకు చాలదు తల్లీ.

కోటు వెనక్కి పంపకు. ఎవరికిస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. ఒక్కటి అడుగుతాను. మెట్లకింద హోటలుకి వెళ్ళి ఒక పూట తిను. మూల బల్ల దగ్గర ఒక్కదానివే కూర్చున్నా పర్లేదు. తిన్నది తిన్నట్టు రాయి. నువ్వు నిజంగా తిన్న భోజనం ఒక్కటి నీ దస్తూరీలో చదవాలనుంది.

అత్త


హాస్టలు, మూడో అంతస్తు
ఆదివారం

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా మంచం దిగలేదు. నువ్వు అద్దం ముందు కూర్చోవడమే కనబడుతోంది. నేను ఇక్కడ మూల కూర్చుని ఎవరి భోజనమో చూసి రాస్తుంటే, నువ్వు అక్కడ లేని మనిషితో జోకులు వేయిస్తున్నావు. ఇద్దరం ఎంత బాగా మోసపోయాం!

శుక్రవారం మధ్యాహ్నం కోటు కాగితంలో చుట్టుకుని మెట్లు దిగాను. నిజం రాయమన్నావు కదా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొడుగమ్మాయీ తన స్నేహితులూ, నలుగురు ఉన్నారు. నా కాళ్ళు మూల బల్ల వైపే వెళ్ళాయి. మళ్ళీ వెనక్కి తిప్పి వాళ్ళ బల్ల దగ్గర నిలబడ్డాను. నలుగురూ తలెత్తారు.

"ఏమైనా కావాలా?" అంది పొడుగమ్మాయి.

"మీకు ఒక కోటు ఉంది" అన్నాను. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా ఆలోచించుకున్నదేదీ నోట్లోకి రాలేదు.

"నాకా? ఎవరిచ్చారు?"

"మా అత్త కుట్టింది. మీరు నా స్నేహితురాలని నేను ఆవిడకి రాశాను. అబద్ధం రాశాను. మీకు నేనెవరో కూడా తెలియదు."

ఒకమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వి, మిగతావాళ్ళు నవ్వకపోయేసరికి నీళ్ళ గ్లాసు అందుకుంది. నాకు చెవులు కాలిపోతున్నాయి. పొడుగమ్మాయి నన్నే చూస్తోంది. కోప్పడుతుందనుకున్నాను.

"నా గురించి ఏం రాశావు?"

"గుడ్డు చిదిమి కలుపుతారని. ఉల్లిపాయ పడదని."

"పడకపోవడం కాదు, ఇష్టం ఉండదు" అంది సీరియస్‌గా. "మీ అత్తకి అది దిద్ది రాయి."

లేచి నిలబడి కోటు వేసుకుంది. అక్కడ పూర్తిగా నిలబడితే తల పైకప్పుకి తగులుతుంది, మెడ వంచుకునే వేసుకుంది. భుజాలు సరిపోయాయి అత్తా. చేతులు మాత్రం మణికట్టుకి నాలుగు వేళ్ళు పైనే ఆగిపోయాయి. ఇందాక నవ్విన అమ్మాయి "ఇది కోటా, చొక్కానా?" అంది. ఈసారి నేను కూడా నవ్వాను. పొడుగమ్మాయి కాలరు తిప్పి చూసింది, అంచు వేలితో తడిమింది. "ఈ కుట్టు చేత్తో వేసిందా?" అని అడిగింది. వాళ్ళ నాన్న చెప్పులు కుడతాడట. కుట్టు చూస్తే మనిషి ఎంతసేపు కూర్చుందో తెలుస్తుందంది.

"ఇంత కష్టపడి కుట్టింది ఊరికే ఎలా తీసుకుంటాను?" అని విప్పబోయింది. "చేతులు పొడిగించవచ్చు, లోపల బట్ట ఉంది" అన్నాను. చేతి అంచు తిరగేసి లోపలి బట్ట చూసి మళ్ళీ గుండీలు పెట్టుకుంది. అందరూ కొంచెం కొంచెం జరిగి బల్ల చివర చోటిచ్చారు. గరిటె ఆవిడ వచ్చి నా వైపు చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?" అంది. గుడ్డుతోనా, లేకుండానా అని అడక్కుండానే గుడ్డుతో పెట్టేసింది.

తర్వాత వాళ్ళు వాళ్ళ మాటల్లో పడిపోయారు. ఎవరో అద్దె గది గురించి, ఎవరి అక్కో కాన్పు గురించి. నాకు సగం అర్థం కాలేదు. రెండుసార్లు ఏదో అందామని నోరు తెరిచేలోగా మాట వేరే చోటికి వెళ్ళిపోయింది. అన్నం మాత్రం మొత్తం తిన్నాను. సూపు వేడిగా ఉంది, ఉప్పు కొంచెం ఎక్కువైంది.

స్నేహం అయిందని రాయను. ఇంకోసారి అలా రాయను. నిన్న ల్యాబు వరండాలో ఎదురుపడితే చెయ్యెత్తి, "ప్రతి మంగళవారం అక్కడే ఉంటాం" అంది. అంతే. ఎత్తిన చేతికి కోటు చెయ్యి మోచేతి దాకా జారింది.

పరీక్షలు రాస్తాను. తర్వాత సంగతి తర్వాత.

చేతులు ఎంత వదలాలో ఎలా విప్పాలో రాస్తే నేనే కుట్టిస్తాను. నువ్వు అద్దం ముందు తినకు అత్తా. కనీసం కిటికీ దగ్గర కూర్చో.

నీ బొంగరం


కుట్టు షాపు
బుధవారం

బొంగరానికి,

నువ్వు విప్పితే బట్ట పాడవుతుంది. నీ కుట్టు నాకు తెలియంది కాదు. ఇంకొకరి చేత కుట్టిస్తే నేనొప్పుకోను. ఎంత వదలాలో ఇక్కడ కూర్చుని చెప్పడం కుదరదు, మనిషి ఒంటి మీద చూసి సుద్దతో గుర్తు పెట్టాల్సిందే. అందుకని నేనే వస్తున్నాను. సోమవారం పొద్దున్న బస్సు.

చెవులు పోయాక నేను ఈ వీధి మలుపు దాటలేదు. వెనక నుంచి ఏ బండి వస్తోందో తెలియదని భయం. నీకు చెప్పలేదు. నిన్న ప్రయత్నించి చూశాను, బస్టాండు దాకా వెళ్ళొచ్చాను. గోడ పట్టుకుని నడిచాను, నాలుగడుగులకోసారి వెనక్కి చూశాను. చూసినవాళ్ళు ఎవరో తరుముతున్నారనుకుని ఉంటారు. టికెట్టు గుమాస్తా అద్దం వెనక నుంచి ఏదో అన్నాడు. "నాకు వినబడదు నాయనా, రాసియ్యి" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అతను నా వైపు ఒకసారి చూసి, కాగితం తీసుకుని బస్సు నంబరు, టైము, ఏ వైపు కూర్చుంటే ఎండ పడదో కూడా రాసిచ్చాడు.

టేపు, సుద్ద, కత్తెర సంచిలో పెట్టాను. మంగళవారం నన్ను ఆ మెట్లకింద హోటలుకి తీసుకెళ్ళు. వాళ్ళ మాటలు నాకు వినబడవు, నువ్వు పక్కన కూర్చుని చీటీల మీద రాస్తుండు. నీకర్థం కానివి కూడా రాయి, ఇద్దరం కలిసి అర్థం చేసుకుందాం.

బస్సు దిగాక నన్ను కేకేసి పిలవకు. కనబడేట్టు నిలబడు.

అత్త